ఎరవుమాటల సాక్ష్యము

ఒక భాషలో పరభాషాపదములు కనబడినంతనే, ఇచ్చినవారు నాగరికులనియు, పుచ్చుకొన్నవారు పామరులనియు తీర్పు చెప్పువారు పెక్కురు. ఈ తీర్పు ఎంత తొందరపాటో న్యూగినీ ప్రాంతపు భాషలు చక్కగా తెలుపుచున్నవి.

అచ్చట రెండు తెగల భాషలు కలవు. 3,000 యేండ్లకు పూర్వమే ఓడలపై వచ్చినవారివి ఆస్ట్రోనేసియను భాషలు. మలయభాష వీని బంధువే. అంతకు మునుపటినుండి యున్నవారివి పాపువా భాషలు. ఇవి యొక్క కుటుంబమునకు చెందినవి కావు, అనేక కుటుంబములవి.

వచ్చినవారే ఇచ్చిరనియు, ఉన్నవారు పుచ్చుకొనిరనియు తలచుట సులభము. కాని మొలుక్కా దీవులలోని తెర్నాతె భాష పాపువా తెగది. లవంగముల వర్తకముచేతను, సుల్తానుల యధికారముచేతను ఆ దీవి ప్రబలెను. సులవేసీ దీవి యుత్తరమున మెనాడోలో పలుకు మలయమునందు ‘నీవు’, ‘మీరు’ అను నర్థములుగల ‘ఙానా’, ‘ఙోని’ అనునవి తెర్నాతె మాటలే. వస్తువుల పేర్లు సంతలో దొరకును. సర్వనామములు నిత్యసహవాసము లేనిదే చేతులు మారవు.

మాటల యెరవు కొంచెమైన సహవాసమును కలదు. కర్కర్ దీవిలో తకియా ఆస్ట్రోనేసియను భాష. దాని పొరుగుననున్న వస్కియా పాపువా భాష. తకియావారు తమ పదములను చాలవరకు నిలుపుకొని, వాక్యరచనను పొరుగువారి రీతికి మార్చుకొనిరి. నామమునకు ముందుండిన విభక్తిబోధకములు వెనుకకు చేరెను. క్రియ మన తెలుగునందువలె వాక్యాంతమునకు పోయెను. ఇరుగుపొరుగు భాషను నిత్యము పలుకుచునే, సొంతమాటలను తమ జాతిచిహ్నముగా కాపాడుకొనుటయే దీనికి కారణమని మాల్కం రాస్ పండితుడు 1996లో వివరించెను. పదముల పట్టికను మాత్రమే చూచువానికి ఈ చెలిమి చాలవరకు కానరాదు.

తెలుగు కథ దీనికి తలక్రిందు. సంస్కృతపదములు కోకొల్లలుగా చేరినను, మన ధాతువులును వాక్యక్రమమును ద్రావిడములే. తెలుగు సంస్కృతజన్యము కాదని ఎల్లిస్ దొర 1816లోనే నిరూపించెను. అయినను తత్సమములను లెక్కించి తెలుగును సంస్కృతపుత్రిక యనువారును, అన్యదేశ్యములను ఏరివేసి భాషను శుద్ధిచేయబూనువారును నేటికిని ఉన్నారు. ఇరువురును పదములే భాష యనుకొనుచున్నారు.

ఇంట పిల్లలు ఒక మాటను పట్టుకొని ‘ఇది మనదేనా?’ యని యడిగినపుడు, ఔను కాదని తీర్పు చెప్పి యూరకుండరాదు. ఆ మాట యెవరి పొరుగున, ఏ పనిలో, ఏ కాలమున మనకు చేరినదో వెదకుట నేర్పవలెనని మా మనవి. చరిత్ర యచ్చటనే దొరకును.