పెద్దనాయకుని కావలి: ఒక విమర్శ

చెన్నపట్టణ చరిత్రకు హెచ్. డి. లవ్ 1913లో ప్రకటించిన ‘వెస్టిజెస్ ఆఫ్ ఓల్డ్ మద్రాస్’ ప్రధానాధారము. తెలుగువారికి అందు ముఖ్యమైనది పెద్దనాయకుని కథ. 17వ శతాబ్దిలో కంపెనీవారు నల్లపట్టణపు కావలి నీతని కప్పగించిరి. ప్రతిఫలముగా పన్నులేని వరిపొలములను, కొన్ని సరకులపై స్వల్ప రుసుమును ఒసగిరి. అతడు తలారులను పోషింపవలెను. దొంగసొత్తు దొరకనిచో నష్టమును తానే భరింపవలెను.

లవ్ పరిశ్రమ శ్లాఘనీయమే. కాని ఆయన సాక్ష్యములో అధికభాగము కోట దస్తరములదే. దస్తరము ఫిర్యాదును వ్రాసికొనును; దొంగతనము జరుగని రాత్రిని వ్రాసికొనదు. కావుననే నాయకుని లోపములు పుటల కెక్కినవి, తలారుల జాగరణము మరుగుపడినది. 1806లో ఆ పదవి రద్దయి పోలీసు సూపరింటెండెంటు ఏర్పడుట ఈ దృష్టికి కేవల సంస్కరణముగా తోచును. సొత్తు పోగొట్టుకొన్నవానికి కావలివాడే పరిహార మిచ్చు బాధ్యత దానితోనే అంతరించెనను సంగతిని గూడ గణింపవలసియున్నది.

అంబత్తూరునకు తూర్పున, పాతపట్టణములో, పెద్దనాయకన్‌పేట యను పేరు నేటికిని నిలిచియున్నది. పేరు మిగిలినది, దానికి తగిన చరిత్రను తెలుగువారే వ్రాసికొనవలెను.