తోటరాముడి తల్లి

మా వర్ధన్నపేట చుట్టుపక్కల చిందు భాగోతం చూస్తూ పెరిగినవాళ్లకు ఆడవేషం ఆడవాళ్లే కట్టడం వింత కాదు. చిందు మేళంలో ఇంటిల్లిపాదీ ఆటగాళ్లే. 2024లో పద్మశ్రీ అందుకున్న చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారి ఊరు అప్పిరెడ్డిపల్లి మాకేమంత దూరం కాదు. పట్నం నాటకాల్లో మాత్రం మగవాళ్లే మీసాలు తీసేసి ద్రౌపదులయ్యేవారు. ఆ రోజుల్లోనే తమ ఇంటి ఆడవాళ్లను రంగం ఎక్కించినవాళ్లు సురభి నాటక కుటుంబాలవాళ్లు. తర్వాత సినిమా నటి అయిన సురభి కమలాబాయి వాళ్ల నాటకాల డేరాలో పెరిగిన మనిషి.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో నాటకాలకు దిగిన ఆ కుటుంబాల పెద్దలు అంతకుముందు తోలుబొమ్మలు ఆడించేవారు. బొమ్మలాటలో తెర వెనక మనిషి సీతై ఏడవాలి, ఆ వెంటనే హాస్యపాత్ర బంగారక్కై కేతిగాడిని పచ్చిగా తిట్టాలి. ఆ మోటు హాస్యాన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నేనైతే గొంతుకు అంతకు మించిన బడి లేదంటాను. ఏడుపులోంచి నవ్వులోకి ఊపిరి తెగకుండా దాటడం అక్కడే అబ్బుతుంది.

సురభి అనగానే అందరూ మాయల సంగతే చెబుతారు. తీగల మీద వచ్చే బాణాలు గాలిలో ఢీకొని నిప్పురవ్వలు రాలతాయి, నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. ఆ తాడు లాగేది ఎవరు? ఇంకో అంకంలో వేషం కట్టాల్సిన అన్నో, మేనమామో. విల్లు వంచే చేయీ తాడు లాగే చేయీ ఒక్క లయలో కదలకపోతే మాయ నవ్వులపాలవుతుంది. అందుకే సురభి నటులకు ఎదుటివాళ్లను గమనించడం చిన్ననాడే ఒంటబడుతుంది. మైకు లేని కాలం కనుక, చివరి వరుసలో నేల మీద కూర్చున్న ముసలమ్మకూ వాక్యంలో ఆఖరి మాట వినబడాలి.

వాళ్లమ్మ నాటకంలో వేషం కట్టి ఉండగానే నొప్పులొచ్చి కమలాబాయిని కన్నదని చెప్పుకుంటారు. చిన్నప్పుడు ఆమె కట్టినవి కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి మగపిల్లల వేషాలు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’లో లీలావతి ఆమే. అదే ఏడు ‘శకుంతల’లో యడవల్లి సూర్యనారాయణ దుష్యంతుడైతే, శకుంతల ఆమే.

1951లో ‘పాతాళభైరవి’ సినిమా వచ్చేనాటికి ఆమె కథానాయకుడు తోటరాముడి తల్లి కాంతమ్మ. తొలి కథానాయిక అమ్మ వేషాలకు దిగిపోయిందని జాలిపడేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఈ రాత్రి రాణి, రేపు చెలికత్తె, ఎల్లుండి తెర వెనక తాడు. ఇదీ డేరా లెక్క. అందులో దిగడమన్న మాటే లేదు. మా ఇంట్లో ఆ సినిమా పెట్టినప్పుడల్లా అందరూ ఎస్వీ రంగారావును చూస్తారు. నా చూపు కాంతమ్మ మీదే ఉంటుంది. కొడుకు మాట్లాడుతున్నంతసేపూ ఆమె ఆ మాటలు వింటూనే ఉంటుంది, తన వంతు కోసం కాచుకోదు.