ఆటో కిరాయి ఎవరిస్తారు?

జూలై ఒకటో తేదీ రోటరీ, లయన్స్ క్లబ్బులకు సంవత్సరాది. కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేస్తాడు, వచ్చే జూన్ 30 దాకా బాధ్యత ఆయనది. ఆ పన్నెండు నెలల్లో తన పేరు చెప్పుకునేలా ఒక మంచి పని చెయ్యాలని ఆయనకుండడం సహజమే. మంచి పనికి ఆ తపన కావాలి కూడా. కానీ సేవా క్లబ్బులు ఊళ్ళోని చిన్నచిన్న సేవాసంస్థలకు ఇచ్చే గ్రాంట్ల రూపురేఖలన్నీ ఈ ఏడాది గడువే నిర్ణయిస్తోందని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. కనిపించే వస్తువు, ఒక్కసారితో తీరిపోయే ఖర్చు, మీద పేరు రాయడానికి కాస్త చోటు. వీల్‌చైర్లు, కుట్టుమిషన్లు, మంచినీళ్ళ కూలర్లు, ఫ్యాన్లు.

నేను ఛత్తీస్‌గఢ్‌లో భిలాయి పక్కనున్న రిసాలిలో ఉంటూ మా ప్రాంతపు క్లబ్బు ఒకదాని గ్రాంట్ల కమిటీలో కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. వచ్చిన దరఖాస్తులు చదవాలి, ఆ సంస్థలకు వెళ్ళి చూడాలి, ఎవరికెంత ఇవ్వచ్చో చెప్పాలి. పైకి తేలికగా కనబడుతుంది గానీ నేర్చుకోవలసిన విద్యే ఇది. డబ్బు పోగుచెయ్యడం గురించి క్లబ్బుల్లో బోలెడు శిక్షణలు జరుగుతాయి. ఇవ్వడం గురించి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

మొన్న ఒక దరఖాస్తు పట్టుకుని బస్తీలోని ఒక పగటి కేంద్రానికి వెళ్ళాం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు, మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలు పొద్దున్నే వచ్చి సాయంత్రానికి ఇళ్ళకు వెళ్తారు. తల్లిదండ్రుల్లో చాలామంది ఉక్కు ప్లాంటులో ఠేకా (కాంట్రాక్టు) కూలీలు. ఇద్దరూ పనికి పోతేగానీ పొయ్యి వెలగదు. కేంద్రం నడిపే ఆవిడ పార్వతీపురం వైపు మనిషి, భర్త ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. అందరూ దీదీ అంటారు, నేను అక్కా అంటాను. దరఖాస్తులో ఆవిడ రెండు వీల్‌చైర్లు అడిగారు. లోపలికి అడుగుపెట్టగానే గోడవారగా ఒకదాంట్లో ఒకటి దూర్చి పెట్టిన పాత వీల్‌చైర్లు కనబడ్డాయి. అన్నీ పెద్దవాళ్ళ సైజువి. ఆరేళ్ళ పిల్లాణ్ణి అందులో కూర్చోబెడితే నడుము నిలవదు, ఓ పక్కకి వాలిపోతాడు, కాళ్ళు గాల్లో వేలాడతాయి. ఒక్కో కుర్చీ వెనక ఒక్కో సంస్థ పేరు.

"మరి ఇవి ఎందుకడిగారు అక్కా?" అన్నాను.

"మీరిచ్చేవి ఇవే కదా తమ్ముడూ! లేనిదడిగితే కాయితం పక్కన పడేస్తారని భయం. పిల్లాడు ఇక్కడిదాకా వస్తే కదా కుర్చీలో కూర్చునేది?"

అని హాజరు రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. కొన్ని పేజీల్లో నీలం సిరా గుర్తులు వరసగా ఉన్నాయి. ఆ తర్వాత ఒక చోట రెండు వారాలపాటు సగం పేర్ల ఎదురుగా ఎర్ర సిరా. ఆ రోజుల్లో ఆటో ఆగిపోయిందట. నేవాయి, మరోదా, డుండేరా వైపు నుంచి పిల్లల్ని తెచ్చే ఆటో అది. రెండు నెలల కిరాయి బాకీ పడేసరికి డ్రైవరు మానేశాడు. అతన్ని తప్పుపట్టలేం, అతనికీ ఇల్లుంది. అయితే ఈ పిల్లలకు ఫిజియోథెరపీ కొన్ని వారాలు తప్పితే కండరాలు మళ్ళీ బిగుసుకుపోతాయి. నెలల తరబడి సాగదీసి సాగదీసి తెరిచిన పిడికిలి మళ్ళీ మూసుకుంటుంది. ఆ ఎర్ర గీతలకు అర్థం అదీ. మేం అడిగిన ఏ కాగితంలోనూ ఈ సంగతి రాయడానికి చోటు లేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగడానికే దారి మూసేసి ఉంది.

దీనికి కారణం క్లబ్బు సభ్యుల మనసు చిన్నదవడం మాత్రం కాదు. నిబంధనలే అలా ఉన్నాయి. రోటరీ సంగతే చూడండి. 1917లో రోటరీ అధ్యక్షుడిగా ఉన్న ఆర్చ్ క్లంఫ్, లోకంలో మంచి పనులకు ఒక శాశ్వత నిధి ఉండాలని ప్రతిపాదించాడు. ఆ నిధికి ముందుగా వచ్చిన విరాళం అమెరికాలోని కాన్సాస్ సిటీ క్లబ్బు పంపిన 26 డాలర్ల 50 సెంట్లు. అదే పెరిగి రోటరీ ఫౌండేషన్ అయింది. ఇవాళ ఛత్తీస్‌గఢ్ ఉన్న రోటరీ 3261 డిస్ట్రిక్టులో ఎవరైనా ఆ ఫౌండేషన్ వార్షిక నిధికి డబ్బు కడితే, అది మూడేళ్ళు మదుపులో ఉండి, ఆ తర్వాత అందులో దాదాపు సగం డిస్ట్రిక్టు చేతికి తిరిగి వస్తుంది. అందులోంచే చిన్న గ్రాంట్లు. పెద్దదైన గ్లోబల్ గ్రాంటు కావాలంటే ప్రాజెక్టు కనీసం 30,000 డాలర్లుండాలి, వేరే దేశపు క్లబ్బు కూడా చెయ్యి కలపాలి. రెంటిలోనూ ఇంకో సంస్థ రోజువారీ నిర్వహణ ఖర్చులకు డబ్బివ్వడం కుదరదు. దుర్వినియోగం కాకూడదని పెట్టుకున్న కట్టుబాటు అది, దానికో న్యాయముంది. పోలియో మీద 1985లో రోటరీ మొదలుపెట్టిన పోరాటం ఇలాంటి క్రమశిక్షణతోనే నడిచి, 2014లో మన దేశం పోలియో లేని దేశంగా సర్టిఫికెట్ అందుకునేదాకా వచ్చింది. కానీ రిసాలి బస్తీలో ఆటో కిరాయికి ఆ తలుపు తెరుచుకోదు.

మరి వేరే తలుపులు? కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ ఉంది. పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. మనది ఉక్కు పట్టణం కాబట్టి సీఎస్ఆర్ అన్న ఆ మాట ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే 2021 ఏప్రిల్ నుంచి, ఆ డబ్బుతో పనిచెయ్యాలనుకునే సంస్థ ముందు సీఎస్ఆర్-1 ఫారం నింపి కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. దానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు కావాలి. వాటిని గడువు తీరేలోగా పునరుద్ధరించుకుంటూ ఉండాలి. ఆ కాగితాలు నడపడానికే ఒక చార్టర్డ్ అకౌంటెంటు కావాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత, బయటి దేశాల డబ్బు అందుకున్న పెద్ద సంస్థ అందులో కొంత చిన్న సంస్థకు పంచిపెట్టే వీలు కూడా పోయింది. ఒక్కో నిబంధనకు ఒక్కో కారణం ఉండవచ్చు. అన్నీ కలిసి చేసిందేమిటంటే, నలుగురైదుగురు మనుషులతో నడిచే బస్తీ సంస్థకు మిగిలిన ఆసరా పక్క వీధిలోని క్లబ్బే. ఆ క్లబ్బు కూడా వీల్‌చైరే ఇస్తానంటే ఇక వాళ్ళెక్కడికి పోతారు?

ఇక్కడ దల్లీ రాజహరా సంగతి చెప్పాలి. మన భిలాయి కొలిమిలోకి దశాబ్దాలపాటు ఇనుప ఖనిజం ప్రధానంగా వచ్చింది అక్కడి గనుల నుంచే. 1977 జూన్‌లో అక్కడ పోలీసు కాల్పుల్లో కార్మికులు చనిపోయారు. వాళ్ళ జ్ఞాపకంగా శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని గని కార్మికుల సంఘం 1983 జూన్ 3న షహీద్ ఆస్పత్రిని ప్రారంభించింది. తమ కూలి డబ్బుల్లోంచి చందాలు వేసుకుని, శ్రమదానంతో కార్మికులే లేపుకున్న ఆస్పత్రి అది. నియోగి 1991 సెప్టెంబరు 28న ఇదే భిలాయిలో హత్యకు గురయ్యారు. ఆస్పత్రి మాత్రం ఆగలేదు. రాజకీయాల మాట ఎలా ఉన్నా, దాతగా నాకు అందులో ఒక పాఠం కనబడుతుంది. ఆస్పత్రంటే భవనం ఒక్కటే కాదని, రేపూ ఎల్లుండీ కూడా డాక్టరు, నర్సు, దూది, దీపం ఉండాలని ఆ కార్మికులకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎందుకంటే రేపు జ్వరం వస్తే అక్కడికి వెళ్ళవలసింది వాళ్ళే. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒక్కడే అయినప్పుడు గ్రాంటు తప్పు చోటికి పోదు. మా కమిటీల్లో లోటు అదే. మా పిల్లలెవరూ ఆ ఆటోలో రారు.

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పుష్య పౌర్ణమి నాడు ఛేర్‌ఛేరా పండగ చేస్తారు. నూర్పిళ్ళు అయ్యాక పిల్లలూ పెద్దలూ ఇల్లిల్లూ తిరిగి ధాన్యం అడుగుతారు. మన సంక్రాంతికి హరిదాసు గుమ్మంలోకి వస్తే అక్షయపాత్రలో బియ్యం పోసిన ఇళ్ళ నుంచి వచ్చిన నాకు ఆ పండగ మొదటిసారి చూసినప్పుడే ఎంతో దగ్గరగా అనిపించింది. ఆ రోజు కలవాడూ లేనివాడూ అందరూ అడగవచ్చు, అడగడంలో సిగ్గు లేదు. ఈ ధాన్యంతో ఏం చేస్తావని ఇచ్చే ఇల్లాలు ప్రశ్నించదు. కోనసీమలో గోదావరి లంకల మధ్య జీవితమంతా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు కూడా వచ్చినవాడి ఆకలినే చూశారు, ఊరూ పేరూ తర్వాత. క్లబ్బు సొమ్ము పదిమందిదీ కాబట్టి మేం లెక్కలడగక తప్పదు. అడిగే తీరు మాత్రం మార్చుకోవచ్చు.

పగటి కేంద్రం నుంచి తిరిగి వచ్చాక మా కమిటీలో గట్టి వాదనే జరిగింది. పెట్రోలుకీ కిరాయికీ డబ్బిస్తే ఆడిట్‌లో ఏం చూపిస్తామని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. వీల్‌చైరుకు బిల్లుంటుంది, ఫొటో ఉంటుంది. ఆటో కిరాయికి? హాజరు రిజిస్టరు ఉంటుందన్నాను. నెలనెలా ఆ పేజీ నకలూ, డ్రైవరు సంతకం చేసిన రసీదూ తెప్పించుకుందాం. ఎర్ర గుర్తులు తగ్గితే మన డబ్బు పనిచేసినట్టే. ఇంతకన్నా నమ్మకమైన లెక్క ఏ ఫొటోలోనూ దొరకదు. క్లబ్బు సభ్యుల సొంత చందాలతో ఉన్న నిధికి ఫౌండేషన్ నిబంధన వర్తించదు కాబట్టి, అందులోంచి ఏడాది ఆటో కిరాయి నెలనెలా ఇవ్వడానికి చివరికి ఒప్పుకున్నారు. మూడేళ్ళకు ఒప్పించాలని నేను చూశాను. వచ్చే అధ్యక్షుడి చేతులు ఈయన కట్టెయ్యలేడన్నారు. ఆ మాట మీద నేనింకా రాజీపడలేదు. ఒక అధ్యక్షుడి పదవీకాలంలో సెరిబ్రల్ పాల్సీ నయం కాదు.

వెళ్ళి చూసేటప్పుడు ఏం అడగాలన్నది కూడా మెల్లగా వంటబట్టింది. మీకేం కావాలని అడిగితే ఎదుటివాళ్ళు మన మొహం చూసి జవాబు చెబుతారు. గత సంవత్సరం ఏ నెల గడవడం కష్టమైందని అడిగితే నిజం బయటికి వస్తుంది. ఇక్కడ తరచు మే, జూన్ నెలలు అంటారు. ఎండలు 45 డిగ్రీలు తాకుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది, దాతలు సొంతూళ్ళకు పోతారు. సరిగ్గా అప్పుడే క్లబ్బులు ఏడాది ముగింపుకొచ్చి, ఖాతాలు మూసే పనిలో పడతాయి. చేతిలో మిగిలిన సొమ్ముతో జూన్ నెలాఖరులో హడావుడిగా వస్తువులు కొని పంచే బదులు, ఆ బిల్లు కట్టేస్తే ఎంత ఉపకారమో!

భిలాయి, దుర్గ్, రిసాలి క్లబ్బుల్లో ఉన్న తెలుగువాళ్ళకు, మన ఆంధ్రా, తెలంగాణ ఊళ్ళ క్లబ్బుల పెద్దలకు కూడా నాదొక విన్నపం. ఈ ఏడాది మీ దరఖాస్తు ఫారంలో ఒక్క గడి కలపండి. 'నెలనెలా మీకు తప్పని ఖర్చు ఏది, ఎంత?' అని అడగండి. వచ్చిన జవాబుల్లో కనీసం ఒక్క సంస్థను ఎంచుకుని, ఇప్పటి అధ్యక్షుడూ తర్వాత రాబోయే ఇద్దరూ కలిసి సంతకం పెట్టి, మూడేళ్ళపాటు ఆ ఖర్చు మోయండి. వీల్‌చైరు ఇవ్వాలనే ఉంటే, కొనేముందు ఆ పిల్లాడి కొలత తీసుకోండి.