సహజ మరణం: ఒక మాట కప్పిపుచ్చేది

మక్కా నగరంలో మినా దిక్కున ఉన్న అల్ అజీజియా భారతీయ హజ్ యాత్రికులకు చిరపరిచితమైన పేట. హైదరాబాదులో విమానమెక్కే తెలుగు యాత్రికుల్లో చాలామంది అక్కడి భవనాల్లో బసచేసి, బస్సుల్లో హరమ్‌కు వెళ్ళివస్తుంటారు. 2024 జూన్ 17న మస్జిదుల్ హరామ్ వద్ద ఉష్ణోగ్రత 51.8 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. ఆ ఏడాది యాత్రలో 1,301 మంది మరణించారనీ, వారిలో 83 శాతం అనుమతిపత్రం లేనివారేననీ సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. భారతీయ మృతులు 98 మంది అని విదేశాంగ శాఖ జూన్ 21న తెలిపింది. కొన్ని ప్రమాదాలను మినహాయిస్తే, ఆ శాఖ చెప్పిన కారణాలు అనారోగ్యం, సహజ కారణాలు, దీర్ఘవ్యాధులు, వృద్ధాప్యం. వాటిలో ఎండ ప్రస్తావన లేదు.

ఈ లోపం కేవలం వైద్యపరమైనది కాదు. వాతావరణ న్యాయశాస్త్రానికి పునాది ఇటువంటి లెక్కలే. 2024 ఏప్రిల్ 9న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం స్విట్జర్లాండ్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. కేసు వేసింది రెండు వేలమందికి పైగా వృద్ధ మహిళలున్న సంఘం. వడగాడ్పులు తమ వయసు స్త్రీలను అధికంగా బలిగొంటున్నాయన్న వారి వాదనకు మరణాల గణాంకాలు అండగా నిలిచాయి. స్త్రీ పురుషులను విడదీసి లెక్కించే అలవాటు ఆ దేశంలో లేకపోయి ఉంటే ఆ వాదన నిలిచేది కాదు.

మన దేశంలోనూ అదే ఏడాది మార్చి 21న, బట్టమేకపిట్టల పరిరక్షణకు సంబంధించిన కేసులో, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుండి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లో ఉన్నదని సుప్రీంకోర్టు గుర్తించింది. హక్కు ఉన్నది; దానిని ఆశ్రయించడానికి కావలసిన సాక్ష్యమే లేదు.

ఇందులో స్త్రీల సంగతి ప్రత్యేకమైనది. 45 ఏళ్ళు దాటిన మహిళలు మెహ్రం తోడు లేకుండా బృందంగా వెళ్ళేందుకు 2018 నుండి భారత ప్రభుత్వం అనుమతిస్తున్నది. 2023లో నాలుగు వేలమందికి పైగా అలా వెళ్ళారు. సమానత్వం దిశగా అది మేలైన అడుగే. కానీ ఆ నియమం వయసును మర్యాదకు కొలతగా తీసుకున్నదే తప్ప శరీరధర్మానికి కాదు. వయసుతోపాటు చెమట పట్టే శక్తి, దాహం తెలిసే శక్తి తగ్గుతాయి. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు ఒంట్లోని నీటిని తోడేస్తాయి. మరుగుదొడ్డి దూరమని నీళ్ళు తాగడం తగ్గించే స్త్రీలు మన ఇళ్ళలో ఎందరో. ప్రయాణానికి సమాన అవకాశం ఇచ్చినంత మాత్రాన క్షేమంగా తిరిగివచ్చే అవకాశం సమానం కాదు.

వడదెబ్బను నిర్ధారించడం కష్టమన్న అభ్యంతరం న్యాయమైనదే. ఎండకు బలహీనపడిన గుండె ఆగినప్పుడు కాగితం మీద మిగిలేది గుండెపోటే. ఫలానా మరణానికి ఫలానా దేశపు కర్బన ఉద్గారాలే కారణమని చూపడం మరింత కష్టం. స్విస్ కేసులోనూ విడిగా వచ్చిన నలుగురు స్త్రీలను బాధితులుగా అంగీకరించని న్యాయస్థానం, సంఘం వాదననే స్వీకరించింది. అందుకే ఒక్కొక్క మరణం కంటే మొత్తం లెక్క ముఖ్యం.

పరిష్కారం కొత్త ఒప్పందాలతో రావలసినది కాదు. పారిస్ ఒప్పందపు పీఠికలో మానవ హక్కులూ లింగ సమానత్వమూ 2015లోనే చేరాయి. స్త్రీలపై వివక్ష నిర్మూలనకు ఏర్పడిన ఐక్యరాజ్యసమితి సంఘం 2018లోనే లింగభేదాన్ని చూపే గణాంకాలను కోరింది. మరణ ధ్రువీకరణ పత్రపు అంతర్జాతీయ నమూనా రెండవ భాగంలో తోడ్పడిన కారణాలకు చోటున్నది. తీవ్రమైన ఎండకు గురికావడానికి వ్యాధుల వర్గీకరణలో సంకేతమూ ఉన్నది. ఆ గడి నింపడం, మృతుల వయసునూ లింగాన్నీ సంఖ్యల్లో ప్రకటించడం వెంటనే చేయగల పనులు.

అజీజియా నుండి తిరిగిరాని తల్లి గురించి కుటుంబానికి అందే కాగితంలో 'సహజ' అన్న మాట ఓదార్పుగా కనిపించవచ్చు. కానీ 51.8 డిగ్రీలను సహజమని ఒప్పుకున్న చోట హక్కు అడగడానికి ఏమీ మిగలదు.