మంచు మీద మంద

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. నార్వే ఉత్తరపు కొసన, ఫిన్‌మార్క్ పీఠభూమి మీద ఉన్న కరాశోక్ ఊళ్లో వాన, మంచు కలిపి లెక్కేసినా 400 మిల్లీమీటర్లకు అటూ ఇటూనే. ఆర్కిటిక్ అనగానే మోకాలి లోతు మంచు మనసులో మెదులుతుంది. ఆకాశం నుంచి దిగే నీటిని కొలిచి చూస్తే మాత్రం అది ఆ జిల్లాలోని మన కళ్యాణదుర్గం కంటే పేద సీమ. అక్కడ చలికి నీరు పెద్దగా ఆవిరైపోదు, చలికాలంలో పడిందంతా ఆరేడు నెలలు నేల మీదే పేరుకుని ఉంటుంది కాబట్టి కరువులా కనపడదు. పైరు నిలవని అలాంటి నేల మీద మనిషి బతకాలంటే మందను నమ్ముకోవాలి. మన పీఠభూమి మీద కురుబలు గొర్రెను నమ్ముకున్నారు. అక్కడ సామీలు రెయిన్‌డీర్‌ను నమ్ముకున్నారు.

నార్వే, స్వీడన్, ఫిన్లండ్‌ల ఉత్తర భాగాలూ, రష్యాలోని కోలా ద్వీపకల్పమూ కలిపి సామీల నేల. దాన్ని వాళ్లు సాప్మీ అంటారు. శీతాకాలంలో ధ్రువకాంతులు చూడడానికి మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ట్రోమ్సో, అబిస్కో, రొవానియెమి దాదాపుగా ఆ నేల మీదివే. టూర్ కాగితంలో రెయిన్‌డీర్ స్లెడ్జి సవారీ, మంచు మీద స్కీలు, గుడారంలో మంట పక్కన భోజనం, అర్ధరాత్రి ఆకాశంలో ఆకుపచ్చ వెలుగు వరుసగా ఉంటాయి. ఇందులో సగం సరంజామా కాపరిది. స్లెడ్జి మంద వెంట సామాను లాగడానికి పుట్టింది. గుడారం మజిలీ మారే మనిషి కోసం పుట్టింది. వాటి వెనక ఉన్న పశుపోషణ విద్య తెలిస్తే ఆ యాత్ర మంచులో ఆటగా మిగిలిపోదు.

మంచు కింద మేత

చలికాలంలో రెయిన్‌డీర్‌కు ఆధారం లైకెన్. కళ్యాణదుర్గం చుట్టూ ఉన్న గుండ్ల మీద బూడిద రంగులో, పసుపు రంగులో అంటుకుని కనిపించే మచ్చలు లైకెన్లే. సాప్మీలో రెయిన్‌డీర్ మేసే రకాలు నేల మీద తెల్లటి దుబ్బులుగా పెరుగుతాయి. ఎదుగుదల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే. ఒకసారి గట్టిగా మేసిన చోటు మళ్లీ కోలుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అందుకే మందను ఒక్క చోట ఉంచకుండా తిప్పడమే అక్కడి పశుపోషణలో మొదటి పాఠం.

మంచు కింద ఉన్న లైకెన్ వాసనను రెయిన్‌డీర్ పసిగడుతుంది, ముందు గిట్టలతో గుంత తవ్వి మేస్తుంది. అది తవ్వగలదా లేదా అన్నది కాపరి ముందే తెలుసుకోవాలి. కర్ర దించి, పార పట్టి, పైనుంచి నేలదాకా మంచు పొరలు చూస్తాడు. మెత్తగా, పొడిగా, పంచదారలా రాలే మంచు మంచిది. నేల గడ్డకట్టక ముందే మొదటి మంచు పడితే కింద లైకెన్ బూజు పడుతుంది. మంచు పడ్డాక వాన కురిసి మళ్లీ గడ్డకడితే మధ్యలో మంచుగడ్డ పొర బిగుసుకుంటుంది, దాన్ని గిట్ట పగలగొట్టలేదు. మేత అక్కడే ఉంటుంది, నోటికి అందదు. ఈ తేడాలన్నిటికీ సామీ భాషలో విడివిడి పేర్లున్నాయి. కాపరులు వాటిని రోజూ పనిలో వాడుకుంటారు. ఈ రోజు మంద ఎటు పోవాలన్నది ఆ పేర్లతోనే తేలుతుంది.

ఏడాదిని సామీలు ఎనిమిది రుతువులుగా చూస్తారు. మంద చేసే పని మారినప్పుడల్లా వాళ్లకు రుతువు మారుతుంది. నార్వే వైపు కాపరులు వేసవిలో సముద్ర తీరానికీ దీవులకూ మందలను తోలుకుపోతారు. అక్కడ గాలికి దోమలు తక్కువ, పచ్చిక ఎక్కువ. చలికాలానికి లోపలి పీఠభూమికి వస్తారు. అక్కడ చలి ముదురు. కరాశోక్‌లో 1886 జనవరి 1న మైనస్ 51.4 డిగ్రీలు నమోదయింది. ఆ పొడి చలిలోనే మంచు పొడిగా ఉంటుంది, మేత అందుతుంది. తీరాన వెచ్చదనం ఉన్నా అక్కడి మంచు కరిగి గడ్డకడుతూ ఉంటుంది. చలి ఎక్కువున్న చోటే పశువుకు క్షేమమన్న ఈ తలకిందుల లెక్కే శీతాకాలపు వలసకు మూలం. వేరుశనగ పీకేశాక ఖాళీ అయిన చేలలో కొన్నాళ్లు మేపి, ఇక్కడ గడ్డి ఎండగానే కాలువ కింది ఆయకట్టు ఊళ్లకు గొర్రెలను తోలుకుపోయి, రైతు పొలంలో రాత్రిపూట మంద పెట్టి ఎరువుకు బదులు గింజలో డబ్బో తెచ్చుకునే మన కాపరి లెక్క కూడా ఇలాంటిదే.

కాపరుల జట్టును సీడా అంటారు. కొన్ని కుటుంబాల మందలు కలిసి తిరిగే పొత్తు అది. చలికాలంలో మేత పలచన కాబట్టి జట్టు చిన్నచిన్న ముక్కలుగా విడిపోతుంది, వేసవిలో మళ్లీ కలుస్తుంది. కలిసినప్పుడు ఎవరి పశువు ఎవరిదో చెప్పేది చెవి గుర్తు. వేసవిలో, రాత్రీ పగలూ సూర్యుడు అస్తమించని రోజుల్లో, దూడలను దొడ్డిలోకి తోలి, తల్లి వెంట ఏది నడుస్తోందో చూసి, పలుపు విసిరి పట్టి, చెవి అంచున కత్తితో గాట్లు పెడతారు. ప్రతి యజమానికీ వేరే గాట్ల కూర్పు ఉంటుంది. పరుగెత్తే మందలో దూరం నుంచే ఆ కూర్పును కనిపెట్టడం చిన్నప్పటినుంచి అబ్బాల్సిన విద్య. ఒక మర్యాద కూడా గుర్తుంచుకోవాలి. మీకెన్ని రెయిన్‌డీర్లున్నాయని అక్కడ అడగకూడదు. బ్యాంకులో ఎంత దాచావని అడిగినంత తప్పు. రొప్పంలో ఎన్ని గొర్రెలున్నాయని మన కాపరిని అడిగి చూడండి, ఆయన కూడా సూటిగా చెప్పడు.

చలికి ఉన్ని, గడ్డి, తోలు

ఆర్కిటిక్ యాత్రకు బయలుదేరేవాళ్లకు అందరూ చెప్పే మొదటి మాట, ఒంటికి తగిలే బట్ట నూలుది ఉండకూడదని. నూలు చెమటను పీల్చుకుని తడిగా ఒంటికి అంటుకుంటుంది, ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపల దాచుకుని కూడా పొడిగానే తోస్తుంది, తడిసినా కొంత వేడి నిలుపుతుంది. అందుకే లోపల పలచని ఉన్ని, మధ్యలో మందపాటి ఉన్ని, పైన గాలి చొరని కోటు.

ఈ సూత్రం కళ్యాణదుర్గానికి కొత్త కాదు. నల్ల గొర్రెల ఉన్ని ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, శుభ్రం చేసి, ఏకి, ఆడవాళ్లు దారం వడికితే, గుంట మగ్గం మీద కంబళి నేస్తారు. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. గంజి పట్టిన ముతక ఉన్ని మీద వాన చినుకు జారిపోతుంది. ఎండకు నీడగా, వానకు ముసుగుగా, రాత్రికి పక్కగా ఒక్క గుడ్డే సరిపోతుంది. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు రకం గొర్రెలు మందల్లో పెరిగిన కొద్దీ నల్ల ఉన్ని తగ్గింది, దానితో మగ్గమూ తగ్గింది.

సామీలకు ఉన్నితో పాటు పశువు తోలు ఉంది. రెయిన్‌డీర్ వెంట్రుక లోపల గాలి నిండి బోలుగా ఉంటుంది, ఆ గాలే చలిని ఆపుతుంది. ఆ తోలుతో కోట్లు, చేతి తొడుగులు, బూట్లు కుడతారు. బూట్లలో మేజోళ్లకు బదులు గడ్డి కూరడం వాళ్ల పాత పద్ధతి. చిత్తడి నేలల్లో పెరిగే ఒక రకం తుంగగడ్డిని వేసవి చివర కోసి, బాది మెత్తన చేసి, జడలా చుట్టి దాచుకుంటారు. పాదం చుట్టూ పేర్చిన ఆ గడ్డి చెమటను పీల్చుకుంటుంది, రాత్రి మంట దగ్గర ఆరబెడితే మర్నాటికి మళ్లీ పనికొస్తుంది. 1911లో దక్షిణ ధ్రువాన్ని చేరిన అముండ్‌సెన్ జట్టు బూట్లలోకి ఈ గడ్డి విద్య వెళ్లింది. బూటు ముక్కు పైకి వంపు తిరిగి ఉండేది అలంకారం కోసం అనుకుంటాం. అది స్కీ పట్టీలోంచి పాదం జారిపోకుండా పట్టే కొక్కెం.

బండి, స్కీ, గుడారం

స్కీ ఈనాటి ఆట వస్తువుగా మనకు తెలుసు. స్వీడన్‌లోని కాల్వ్‌ట్రెస్క్ దగ్గర 1924లో బురద నేలలో దొరికిన స్కీ వయసు 5,000 ఏళ్ల పైమాటే. మంచులో దిగబడకుండా మంద వెంట పరుగెత్తడానికి అంతకు మించిన సాధనం 1960ల దాకా రాలేదు. అప్పుడు మోటారు మంచు బండి వచ్చి పనిని తేలిక చేసింది, పెట్రోలు ఖర్చును నెత్తిన పెట్టింది.

పాత స్లెడ్జి చిన్న పడవ ఆకారంలో ఉండేది, అడుగున ఒకే ఒక వెడల్పాటి దూలం. ఒక్కో రెయిన్‌డీర్ ఒక్కోదాన్ని లాగేది, ఒకదాని వెనక ఒకటి కట్టి వరుసగా నడిపేవారు. లాగడానికి విత్తులు కొట్టిన మగవాటిని ఎంచుకుని ఏళ్ల తరబడి మచ్చిక చేస్తారు. ఇక కుక్కలు లాగే స్లెడ్జి సామీలది కాదు, సైబీరియా, అలాస్కాల నుంచి టూరిజంతో పాటు వచ్చింది. సామీల కుక్క మందను మళ్లించే కుక్క. అద్దాల గదులకు పెట్టిన ఇగ్లూ పేరు కూడా గ్రీన్‌లాండ్, కెనడా ఇన్యూట్‌ల నుంచి తెచ్చుకున్నదే. సామీల ఇల్లు లావ్వు. పంగల కర్రలు మూడు ఒకదానిలో ఒకటి ఇరికించి నిలబెట్టి, చుట్టూ మరికొన్ని కర్రలు ఆనించి, పైన గుడ్డ కప్పుతారు. నడుమ మంట, నెత్తిన పొగ పోయే సందు, కింద భోజపత్ర జాతి చెట్ల రెమ్మలు, వాటి మీద తోళ్లు. వాలుగా దిగే గోడల మీద పీఠభూమి గాలి నిలవదు, జారిపోతుంది.

వెలుగు కోసం కాచుకోవడం

సూర్యుడి నుంచి దూసుకొచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపినప్పుడు, ఆ క్షేత్రం వెంట ధ్రువాల వైపు దిగిన ఎలక్ట్రాన్లు పై గాలిని ఢీకొంటాయి. 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆక్సిజన్ ఆకుపచ్చగా, 200 కిలోమీటర్లు దాటాక ఎర్రగా వెలుగుతుంది. నైట్రోజన్ నీలం, ఊదా రంగులిస్తుంది. నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ 1899లో ఆల్టా దగ్గర హాల్డె కొండ మీద పరిశోధనాలయం పెట్టి, తర్వాత ప్రయోగశాలలో అయస్కాంత గోళాన్ని గాలి తీసేసిన గాజు పెట్టెలో ఉంచి ఈ సంగతికి దారి చూపాడు. 2024 మే 10 రాత్రి వచ్చిన పెద్ద సౌర తుఫానుకు లడఖ్‌లోని హాన్లే ఆకాశంలో కూడా ఎర్రటి వెలుగు కనిపించింది.

చూడాలనుకునేవాళ్లకు కావాల్సింది చీకటి, నిర్మలమైన ఆకాశం, ఓపిక. సెప్టెంబర్ నుంచి మార్చి చివరి దాకా, రాత్రి 9 నుంచి 1 మధ్య అవకాశం ఎక్కువ. ట్రోమ్సో తీరం మీద మేఘాలు తరచూ అడ్డుపడతాయి. స్వీడన్‌లోని అబిస్కోలో ఆకాశం తేటగా ఉండే రాత్రులు ఎక్కువ. అట్లాంటిక్ మేఘాలను పడమటి కొండలు ఆపేయడమే కారణం. అక్కడ ఏడాది వాన 300 మిల్లీమీటర్ల చిల్లర. పడమటి కనుమల చాటున పడి మన జిల్లా ఎండిపోయే కారణమే అక్కడ వెలుగులు చూపిస్తుంది. ఫొటోల్లో కనిపించే గాఢమైన రంగు కంటికి ప్రతిసారీ కనపడదు. వెలుగు బలహీనంగా ఉన్న రాత్రి తెల్లటి పొగలా తేలుతుంది, కెమెరా దాన్ని పచ్చగా చూపుతుంది. ఆ వెలుగుల కింద ఈల వేయకూడదని, వేళాకోళం చేయకూడదని సామీ పెద్దలు పిల్లలకు చెప్పేవారు. రాత్రి మందకు కాపలా ఉన్నవాడికి నిశ్శబ్దం పనిముట్టే కదా. ఆ నియమాన్ని యాత్రికులు పాటించినా నష్టం లేదు.

మేత ఎవరిది?

ఈ విద్యకు గండ్లు లేకపోలేదు. 1852లో నార్వే, ఫిన్లండ్‌ల మధ్య సరిహద్దు మూసేయడంతో తరాల వలస దారులు తెగాయి. చలికాలంలో మంచు మీద వానలు పెరగడం ఇప్పటి బెడద. రష్యాలోని యమాల్‌లో 2013 నవంబరులో అలాంటి వాన గడ్డకట్టి, నెనెట్స్ కాపరుల 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో చచ్చాయి. వీటితో పాటు గనులు, రోడ్లు, గాలిమరలు.

టూరిజం సొమ్ము కాపరి ఇంటికి చేరితే ఆ విద్య నిలవడానికి ఒక ఆసరా. అది చేరుతోందో లేదో చూసుకోవాల్సింది యాత్రికుడే. సామీ దుస్తుల నకళ్లు తొడిగి ఆడించే తంతులతో విసుగెత్తి, ఫిన్లండ్ సామీ పార్లమెంటు 2018లో టూరిజానికి నైతిక నియమాలు ఖరారు చేసింది. బుక్ చేసే ముందు రెయిన్‌డీర్లు ఎవరివి, నడిపేది ఎవరు అని అడగండి. వీలైతే ఫిబ్రవరి మొదటి గురువారం స్వీడన్‌లోని యొక్‌మొక్‌లో మొదలయ్యే శీతాకాలపు సంతకు వెళ్లండి. 1605 నుంచి జరుగుతున్న సంత అది. కాపరులు తమ చేతి వస్తువులు తామే అమ్ముతారు.

మనకు ఎక్కువగా పనికొచ్చే పాఠం మాత్రం టూర్ దారిలో దొరకదు. మధ్య నార్వేలోని ఫోసెన్‌లో 151 గాలిమరలు సామీల శీతాకాలపు మేతభూమిలో నిలబెట్టారు. వాళ్లు కోర్టుకెక్కారు. ఆ లైసెన్సులు చెల్లవని 2021 అక్టోబరులో నార్వే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా మరలు తిరుగుతూనే ఉండడంతో 2023లో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖల గుమ్మాలకు అడ్డం కూర్చుంది. చివరకు 2023 డిసెంబరులో, 2024 మార్చిలో ఒప్పందాలు కుదిరాయి. డబ్బుతో పాటు బదులుగా వేరే శీతాకాలపు మేతభూమి కూడా ఆ ఒప్పందాల్లో ఉంది. కళ్యాణదుర్గం, బెళుగుప్ప వైపు గుట్టల మీద, బీళ్ల మీద ఇప్పుడు గాలిమరలు తిరుగుతున్నాయి. పట్టా ఉన్నవాడికి కౌలు ముడుతుంది. పట్టా లేకుండా అదే బీట్లో తరాలుగా గొర్రెలు మేపినవాడి పేరు ఆ కాగితాల్లో ఉండదు. మేపుకున్న అలవాటును కూడా హక్కుగా లెక్కగట్టి, దానికి బదులు భూమి అడగవచ్చని ఫోసెన్ కాపరులు చూపించారు. గాలిమరల కంపెనీ గ్రామసభకు వచ్చిన రోజున మన కాపరులు పెట్టాల్సిన మొదటి షరతు అదే.