ఖరగ్‌పూర్ మీద చిక్కబడే ఆకాశం

విశాఖపట్నం నుంచి హౌరా వైపు రైలెక్కినవాళ్ళకి కిటికీలోంచి కొబ్బరితోటలు, చిలకా సరస్సు, వరిచేలు వరసగా కనిపిస్తాయి. కంటికి ఆనని మార్పు ఒకటి నెత్తిమీద జరుగుతుంటుంది. మధ్యాహ్నం వేళ, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున, ఉత్తరానికి పోయేకొద్దీ ఎలక్ట్రాన్లు చిక్కబడతాయి. రైల్వే పనికోసం తరాల కిందట మనవాళ్ళు వలసవెళ్ళి స్థిరపడిన ఖరగ్‌పూర్, దాని శివార్లలోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఆ చిక్కదనం పతాకస్థాయికి చేరే పట్టీ కింద ఉన్నాయి. 22 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన ఊరది.

ఇంత ఎత్తున ఉన్నదాన్ని ఎవరు లెక్కపెట్టారు? ఎలా?

అంతరిక్షంలో సాంద్రత కొలవడమంటే తూచడం కాదు. ఆ పదార్థంలోంచి ఏదో ఒకటి పోవాలి, పోతూ మారాలి. ఆ మార్పును చదివి లెక్క కట్టాలి. ఈ విద్యలో పాత పనిముట్టు అయనోసోండ్. నేలమీంచి నిట్టనిలువుగా రేడియో తరంగాన్ని పంపుతారు. అది పైనున్న అయనోస్ఫియర్‌కి, అంటే ఈ ఎలక్ట్రాన్ల పొరకి, తగిలి తిరిగొస్తుంది. పౌనఃపున్యం పెంచుకుంటూ పోతే ఒకచోట తరంగం పొరను చీల్చుకుని వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. ఆ హద్దే కీలకం. ఘనమీటరులోని ఎలక్ట్రాన్ల సంఖ్యకు వర్గమూలం తీసి 9తో గుణిస్తే ఆ హద్దు హెర్ట్జ్‌లలో వస్తుంది. 9 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం రావడం మానేసిందంటే, ఆ పొర పతాకస్థాయిలో ఘన సెంటీమీటరుకి 10 లక్షల ఎలక్ట్రాన్లున్నట్టు. 18 దాకా వచ్చిందంటే 40 లక్షలు. నేలమీద మనం పీల్చే గాలిలో అదే ఘన సెంటీమీటరుకి 25 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని అణువులుంటాయి. పది లక్షలంటే దాని ముందు శూన్యమనే చెప్పాలి. ఆ శూన్యమే రేడియోను వెనక్కి తిప్పుతోంది.

ఈ పనిని మన దేశంలో నిలబెట్టింది కలకత్తా. శిశిర్ కుమార్ మిత్ర అక్కడి విశ్వవిద్యాలయంలో వైర్‌లెస్ ప్రయోగశాల పెట్టి, 1947లో 'ది అప్పర్ అట్మాస్ఫియర్' అనే పెద్ద గ్రంథం వెలువరించారు. భూమధ్యరేఖ దగ్గర ఎండ ఎక్కువ కనుక ఎలక్ట్రాన్లూ అక్కడే ఎక్కువుండాలి కదా, అటూ ఇటూ జరిగి ఎందుకు పోగుపడుతున్నాయన్నది అప్పటి చిక్కుముడి. అయస్కాంత మధ్యరేఖ మీద ఎత్తున పుట్టిన అయాన్లు భూ అయస్కాంత బలరేఖల వెంట జారి ఉత్తర దక్షిణాలకు దిగుతాయని 1946లో మిత్ర సూచించారు. వాటిని ముందు పైకి ఎత్తేది విద్యుత్ క్షేత్రమన్న సంగతిని మరుసటి ఏడు మార్టిన్ అనే శాస్త్రవేత్త జోడించాడు. తమిళనాడు దక్షిణపు కొస మీద పైకి లేచిన సరుకు బెంగాల్ మీద కురుస్తుందన్నమాట. మధ్యలో ఉన్న ఆంధ్ర తీరం ఆ వాలు కింద పడుతుంది.

వాలు కింద ఉండటం పరిశోధకుడికి మేలే. వాల్తేరులో ఆంధ్రా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రవేత్తలు బి. రామచంద్రరావు కాలం నుంచి ఈ పొరలనే పట్టుకుని ఉన్నారు. తర్వాతి తరంలో పి.వి.ఎస్. రామారావు బృందం జీపీఎస్ సంకేతాలను అందుకుంది. ఉపగ్రహం రెండు పౌనఃపున్యాల్లో సంకేతం పంపుతుంది. ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ పౌనఃపున్యం ఎక్కువ ఆలస్యమవుతుంది. ఆ తేడాను బట్టి దారి పొడవునా ఎన్ని ఎలక్ట్రాన్లు అడ్డొచ్చాయో తెలుస్తుంది. చదరపు మీటరు అడుగున్న స్తంభంలో 1 పక్కన 16 సున్నాలన్ని ఎలక్ట్రాన్లుంటే దాన్ని ఒక యూనిట్ అంటారు. ఒక యూనిట్‌కి జీపీఎస్ కొలతలో 16 సెంటీమీటర్ల పొరపాటు. సూర్యుడు జోరుమీదున్న ఏళ్ళలో ఈ పట్టీ మీద మధ్యాహ్నం నూరు యూనిట్లు దాటడం వింతేమీ కాదు. అంటే 16 మీటర్లు! విమానం రన్‌వే పక్కన దిగడానికి ఇది చాలు. అందుకే విమానాలకు జీపీఎస్ కొలతను సరిదిద్ది అందించే గగన్ వ్యవస్థ కోసం దేశమంతటా 18 చోట్ల రిసీవర్లు పెట్టి ముందు ఈ లెక్క తేల్చుకోవాల్సొచ్చింది.

ఇక్కడొక మాట. ఈ మొత్తాన్నే సాంద్రత అనేయడం పరిపాటి అయింది, అది సరికాదు. స్తంభం మొత్తంలో ఎన్నున్నాయో తెలిస్తే ఏ ఎత్తున ఎన్నున్నాయో తెలిసినట్టు కాదు. పైగా ఏటవాలు దారిని నిలువు దారిగా మార్చడానికి, ఎలక్ట్రాన్లన్నీ 350 కిలోమీటర్ల దగ్గర పలుచటి పొరలో ఉన్నట్టు ఊహించుకుంటారు. మన వాలు మీద అది నిలుస్తుందా అని వాల్తేరు బృందం ఆ 18 కేంద్రాల సమాచారంతో పరీక్షించింది. ఉపగ్రహం 50 డిగ్రీల కన్నా ఎత్తున ఉంటే నిలుస్తుందని 2006లో తేల్చింది. నా దృష్టిలో కొత్త కొలతలు తేవడం కన్నా ఇలా పాత ఊహకు హద్దు గీయడం పెద్ద పని.

అయనోసోండ్‌కి అందని చోటు ఒకటుంది, కింది డి పొర. దాని కోసం ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే సీతాపూర్ అనే పల్లెకి వెళ్ళాలి. కోల్‌కతాలోని ఇండియన్ సెంటర్ ఫర్ స్పేస్ ఫిజిక్స్‌కి అక్కడొక క్షేత్రకేంద్రం ఉంది. తిరునెల్వేలి జిల్లా విజయనారాయణంలోని నౌకాదళ ట్రాన్స్‌మిటర్ 18.2 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంటే, సుమారు 1900 కిలోమీటర్ల అవతల వీళ్ళు వింటారు. ఆ సంకేతం చాలావరకూ ఆంధ్ర తీరానికి సమాంతరంగా, నేలకీ డి పొరకీ మధ్య తప్పించుకోలేక పరిగెత్తి వస్తుంది. సంకేతం బలం మారిన తీరును బట్టి రెండే సంఖ్యలు రాబడతారు: పొర ఎత్తు, అది చిక్కబడే వేగం. పగలు 74 కిలోమీటర్ల దగ్గర ఘన సెంటీమీటరుకి రెండు వందల చిల్లర, రాత్రి 87 దగ్గర ముప్పై. అంతే! సౌరజ్వాల లేచిన నిమిషాల్లోనే సంకేతం బలాన్ని చూపే గీత కదులుతుంది. 2009 జులై 22 సంపూర్ణ గ్రహణానికి ఈ సంస్థ బృందాలు పలుచోట్ల కూర్చుని ఇలాగే విన్నాయి. ఇదే గీతలో భూకంపం జాడ ముందే కనబడుతుందనే ఆశ కూడా ఉంది. నేనింకా నమ్మలేదు. జ్వాలల మాట వేరు, అది రోజూ రుజువయ్యేదే.

నేరుగా లోపలికెళ్ళి కొలిచే పద్ధతి లాంగ్‌మ్యూర్ ప్రోబ్. లోహపు ముక్కకు వోల్టేజి ఇచ్చి, ఎంత కరెంటు చేరిందో చూడటమే. శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-3 ల్యాండర్ 2023 ఆగస్టులో చంద్రుడి దక్షిణ ధ్రువప్రాంతంలో ఘనమీటరుకి 50 లక్షల నుంచి 3 కోట్ల ఎలక్ట్రాన్లని చెప్పింది ఇలాగే. ఖరగ్‌పూర్ మీది మధ్యాహ్నపు సంఖ్యతో పోలిస్తే అది వేలవంతుల్లో ఒక వంతు కూడా కాదు.

నక్షత్రాల దగ్గరికెళ్తే పనిముట్టు మారుతుంది, పద్ధతి మారదు. ఒకదాన్నొకటి కప్పుకునే జంట నక్షత్రాల వెలుగు ఎంతసేపు తగ్గిందో, ఎన్నాళ్ళకోసారి తగ్గిందో చూస్తే, వాటి మధ్య దూరంలో వ్యాసార్థం ఎన్నో వంతో తేలుతుంది. దానికి కెప్లర్ మూడో నియమం కలిపితే సగటు సాంద్రత వస్తుంది. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపుతో ఏళ్ళ తరబడి చేసింది ఈ జంటల వెలుగు కొలవడమే.

ఇదంతా డబ్బున్న సంస్థల పని అనుకోనక్కర్లేదు. హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ ఆవరణలోని అంతర్జాతీయ జీపీఎస్ కేంద్రం రెండు పౌనఃపున్యాల కొలతలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకులారా, వచ్చే విషువత్తుకి డిగ్రీ పిల్లల చేత ఆ ఒక్కరోజు లెక్క కట్టించండి. మన పిల్లలు చదివే ఖరగ్‌పూర్ కాలేజీలు కోల్‌కతా వైపు కొలతలతో పోల్చి చూడవచ్చు.