గాజు కలిపిన కాంక్రీటు: 28 రోజుల అంకె ఎంత చెబుతుంది?

సీసా పెంకులను పొడి చేసి, సిమెంటులో కొంత భాగానికి బదులుగా వాడితే కాంక్రీటు బలం తగ్గదని, ఒక్కోసారి పెరుగుతుందని చెప్పే ప్రాజెక్టు నివేదికలు మీకు తరచుగా ఎదురవుతాయి. వాటికి ఆధారం సాధారణంగా ఒకటే: 150 మి.మీ. ఘనాలను 28 రోజులు నీటి తొట్టిలో ఉంచి, యంత్రంలో నొక్కి పగలగొట్టగా వచ్చిన సంపీడన బలం. ఈ ఆధారం అనంతపురం పీఠభూమి మీద ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిద్దాం.

రసాయనం వరకు వాదన సరైనదే. సీసా గాజులో సుమారు 70 శాతం సిలికా ఉంటుంది. 75 మైక్రాన్ల కన్నా మెత్తగా నూరినప్పుడు అది సిమెంటు నుంచి విడుదలయ్యే కాల్షియం హైడ్రాక్సైడుతో కలిసి, బంధించే గుణం గల పదార్థంగా మారుతుంది. దీనినే పొజోలాన్ చర్య అంటారు. అయితే ఇది నిదానంగా సాగుతుంది. సాగినంత కాలం తడి కావాలి. తొట్టిలో మునిగిన ఘనానికి ఆ కొరత లేదు. ఏడాదికి సుమారు 550 మి.మీ. వర్షం పడే జిల్లాలో, ట్యాంకరు నీళ్లు కొని ఇల్లు కట్టుకునేవారి స్లాబుకు ఉంది. ఐ.ఎస్. 456:2000 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పొడిగా వేడిగా ఉండే చోట 10 రోజులు క్యూరింగ్ చేయాలంటుంది. అలాంటి చోట ఖనిజ మిశ్రమాలు కలిపితే 14 రోజులకు పెంచవచ్చంటుంది. అంటే సిమెంటును ఆదా చేసే పొడే నీటిని ఎక్కువ అడుగుతుంది. ఇలాంటి నివేదికల్లో సిమెంటు ఆదా లెక్క కనిపించినంతగా నీటి లెక్క కనిపించదు. నా దృష్టిలో అసలు లోపం ఇదే.

ముతక ముక్కల సంగతి వేరు. ఇసుకకో కంకరకో బదులుగా వేసిన గాజు సిమెంటులోని క్షారాలతో చర్య జరిపి జెల్‌గా మారవచ్చు. ఆ జెల్ నీరు పీల్చి ఉబ్బి, కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. కంకరలోని సిలికా వల్ల ఇలా జరుగుతుందని 1940లో కాలిఫోర్నియాలో స్టాంటన్ చూపించాడు. పగుళ్లు బయటపడడానికి నెలలు, ఏళ్లు పట్టవచ్చు కనుక 28 రోజుల పరీక్షకు ఇది చిక్కదు. ఇక్కడ కరవు కొంత మేలు చేస్తుందనే చెప్పాలి: ఎండిన గోడలో జెల్‌కు ఉబ్బడానికి నీరు దొరకదు. చెక్‌డ్యాముకు, నీటి ట్యాంకుకు ఆ రక్షణ లేదు. వ్యాకోచ పరీక్ష ఫలితం లేని బలం పట్టికను వీటికి ఆధారంగా తీసుకోకూడదు.

మరొక ప్రశ్న. గాజును సేకరించాలి, కడగాలి, నూరాలి. తాడిపత్రి బండల పాలిషింగ్ యూనిట్ల దగ్గర సున్నపురాయి పొడి ఇప్పటికే మెత్తగా, ముద్దగా పడి ఉంటుంది. దానికి పొజోలాన్ గుణం లేదు; ప్రధానంగా రేణువుల మధ్య ఖాళీలను నింపుతుంది, అంతే. అయినా గాజు ఘనం పక్కన ఈ పొడి కలిపిన ఘనాన్నీ ఉంచి, రెండింటినీ తొట్టిలో కాక 7 రోజులు మాత్రమే తడిపి ఎండకు వదిలి పరీక్షిస్తే, ఆ అంకెలు ఇక్కడి మేస్త్రీకి పనికొస్తాయి.